పోస్టులో రాత్రి ఆకాశం: ఏ సైజు, ఏ రంగు, ఎవరితో మార్పిడి?

రాత్రి ఆకాశాన్ని చిన్న అట్ట మీద వేసి, పోస్టులో ఇంకొకరికి పంపి, వాళ్లు వేసినది తెప్పించుకోవాలని చాలామందికి ఉంటుంది. ఆ ఆలోచన రాగానే ముందుగా రంగుల షాపుకి వెళ్తారు. నన్నడిగితే ముందు పోస్టాఫీసుకి వెళ్లి రమ్మంటాను. బొమ్మ కవరులో వెళ్తుందా, విడిగా వెళ్తుందా, ఊళ్లోకా, విదేశానికా అన్నది తేలితేనే దేని మీద వెయ్యాలో, దేనితో వెయ్యాలో తేలుతుంది. గోడకి తగిలించే బొమ్మకి ఎండా వానా ఉండవు. పోస్టులో వెళ్లే బొమ్మ సంచుల్లో నలుగుతుంది, ముద్రల దెబ్బలు తింటుంది, మే నెలలో ఎర్ర డబ్బాలో ఉడుకుతుంది, ఆగస్టులో గేటు దగ్గర తడుస్తుంది.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. మొదటిసారి చేసేవాళ్లు పేకముక్క సైజు కార్డు, నల్ల కాగితం, తెల్ల పోస్టర్ కలర్ తీసుకుని, మామూలు కవరులో పెట్టి, తెలిసిన ఒక్క మనిషికి పంపితే చాలు. అయితే ఇది అందరికీ సరిపోయే సలహా కాదు. స్కూలు పిల్లలతో చేయించే టీచరు, డాలస్‌లో ఉన్న చెల్లెలితో మార్చుకోవాలనుకునే అక్క, ఒకేసారి పాతిక మందికి పంపాలనుకునే కుర్రాడు, ముగ్గురూ వేరే వేరే దారులు పట్టాలి. ఎందుకో చెబుతాను.

కార్డా, పోస్టుకార్డా, కవరా?

నేను పైన చెప్పిన పేకముక్క సైజు కార్డు పేరు ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డు, పొట్టిగా ఏటీసీ. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు, అంటే 64 × 89 మిల్లీమీటర్లు. 1997లో జ్యూరిక్‌లో వాంచి స్టిర్నెమాన్ అనే స్విస్ కళాకారుడు దీన్ని మొదలుపెట్టాడు. ఈ కార్డులను అమ్మకూడదు, మార్చుకోవాలి అన్నది అప్పటినుంచీ ఉన్న నియమం. అమ్మకానికి చేసేవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లు ఆ కార్డులకి వేరే పేరు పెట్టుకున్నారు. నాకు ఈ నియమం చాలా ఇష్టం. ధర లేని చోట మీ గీత బాగుందా లేదా అన్న టెన్షన్ సగానికి తగ్గుతుంది. మీరొకటి వేశారు, అవతలి వాళ్లొకటి వేశారు, అంతే లెక్క.

ఈ సైజులో పోస్టుకి సంబంధించిన లాభాలు రెండు. ఒకటి బరువు. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) వాటర్‌కలర్ కాగితం మీద చేసిన కార్డు రెండు గ్రాములు కూడా తూగదు. మన దగ్గర 20 గ్రాముల లోపు మామూలు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు. కవరు, లోపల పెట్టే గట్టి అట్ట, చిన్న ఉత్తరం అన్నీ కలుపుకున్నా అందులో మూడు నాలుగు కార్డులు హాయిగా సరిపోతాయి. రెండోది తొడుగు. పేకముక్క కొలత కాబట్టి క్రికెట్ కార్డులు దాచుకునే ప్లాస్టిక్ తొడుగులు దీనికి సరిగ్గా పడతాయి. వచ్చిన కార్డులు దాచుకోవడానికి ఆల్బమ్ కోసం వెతకక్కర్లేదు.

చిన్నగా ఉండటం లోటని కొందరంటారు. రాత్రి ఆకాశం విషయంలో నేనలా అనుకోను. నెలవంక, పిల్లలకోడి (కృత్తికల గుంపు), సప్తర్షుల్లాంటివి ఈ చోటులో చక్కగా ఇముడుతాయి, చుట్టూ చీకటి నింపడానికి గంటలు పట్టదు. పాలపుంత మొత్తం ఈ కొస నుంచి ఆ కొసకి వెయ్యాలంటే మాత్రం చాలదు. దానికి పోస్టుకార్డు కావాలి.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది, అప్పుడు ధర కాలణా. ఇప్పుడు పోస్టాఫీసులో దొరికే కార్డు 50 పైసలు, కొలత 14 × 9 సెంటీమీటర్లు. ఇంత తక్కువ ఖర్చుతో దేశంలో ఏ మూలకైనా బొమ్మ పంపే మార్గం ఇంకొకటి లేదు. కాకపోతే ఆ కార్డు పల్చన, నీళ్ల రంగు పడగానే వంకర పోతుంది. దాని మీద బాల్‌పెన్ను, రంగు పెన్సిళ్లు, రబ్బరు స్టాంపు ముద్రలు బాగా పడతాయి. నాకు నచ్చే ఉపాయం ఒకటుంది. కార్డు రంగే లేత పసుపు కాబట్టి దాన్నే చంద్రుడిగా వదిలెయ్యండి. రూపాయి బిళ్ల పెట్టి గుండ్రం గీసి, దాని బయటంతా నల్ల బాల్‌పెన్నుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసుకుంటూ చీకటి చెయ్యండి. కొత్తగా చేసేవాళ్లకి కూడా అందంగా వస్తుంది. నీళ్ల రంగే కావాలంటే సొంతంగా మందపాటి కాగితం అదే కొలతకి కత్తిరించుకోండి. అలాంటి కార్డుకి ఎంత స్టాంపు కావాలో మాత్రం కౌంటర్లో అడిగి అతికించండి. తక్కువ పడితే అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు.

కవరు లేకుండా వెళ్లే పోస్టుకార్డులో ఒక ఆనందం ఉంది. పోస్ట్‌మ్యాన్ చేతిలోంచే బొమ్మ కనిపిస్తుంది, తపాలా ముద్ర కూడా బొమ్మలో భాగమైపోతుంది. ఇబ్బందీ అక్కడే ఉంది. ముద్ర సరిగ్గా చంద్రుడి మీదే పడొచ్చు, మూలలు నలగొచ్చు, రాసిన ముచ్చట దారిలో ఎవరైనా చదవొచ్చు. ఇవి జరిగినా ఫర్వాలేదు అనుకోగలిగితేనే పోస్టుకార్డు ఎంచుకోండి. వేసిన బొమ్మ వేసినట్టే చేరాలి అనుకునేవాళ్లు కవరుకే వెళ్లాలి.

మూడో దారి, కవరునే బొమ్మ చెయ్యడం. మెయిల్ ఆర్ట్ అనే ఈ సంప్రదాయానికి 1950ల నుంచి న్యూయార్క్‌లో రే జాన్సన్ ప్రాణం పోశాడు. తన స్నేహితులకు కొలాజ్‌లు (కాగితం ముక్కలు అతికించి చేసిన బొమ్మలు) పంపి, ఏదైనా కలిపి ఇంకొకరికి పంపమనేవాడు. నల్ల కవరు మీద చుక్కలు వేస్తే చూడటానికి గొప్పగా ఉంటుంది. కానీ అడ్రసు చదవలేకపోతే కవరు చేరదు. నల్ల కవరు మీద వెండి రంగు పెన్నుతో అడ్రసు రాయకండి. తెల్ల లేబుల్ అతికించి, నల్ల బాల్‌పెన్నుతో, ఆరంకెల పిన్‌కోడ్ స్పష్టంగా రాయండి. స్టాంపు చుట్టూ కూడా కొంత ఖాళీ వదలాలి.

దేనితో వెయ్యాలి?

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. బొమ్మ బాగా వచ్చి పోస్టులో పాడైపోవడం చాలా వరకు ఇక్కడి ఎంపిక వల్లే.

నల్ల కాగితం, తెల్ల రంగు. అన్నిటికంటే తొందరగా ఫలితం కనిపించేది ఇదే. తెల్ల పోస్టర్ కలర్‌ని పాల చిక్కదనానికి కలిపి, పాత టూత్‌బ్రష్‌కి అద్ది, బొటనవేలితో వెనక్కి లాగితే సన్నటి చుక్కలు చిమ్ముతాయి. బ్రష్ దూరంగా పట్టుకుంటే చుక్కలు పల్చగా, దగ్గరగా పట్టుకుంటే గుంపుగా పడతాయి. ముందు ఒక రఫ్ కాగితం మీద చిమ్మి, బరువైన బొట్లు పోయాక కార్డు మీదికి రండి. పెద్ద నక్షత్రాలని తర్వాత తెల్ల జెల్ పెన్నుతో ఒక్కొక్కటే పెట్టుకోవాలి. నిజమైన నక్షత్ర మండలం వెయ్యాలంటే వరస మార్చండి. ముందు జెల్ పెన్నుతో ఆ చుక్కలు సరైన చోట పెట్టి, తర్వాతే పల్చగా చిమ్మండి. పుస్తకాల షాపుల్లో దొరికే చవక నల్ల చార్టు ఎండకి కొన్నాళ్లలో గోధుమ రంగుకి తిరుగుతుంది. ఎన్నాళ్లయినా ఉండాలనుకుంటే తెల్లటి మందపు కాగితానికి నల్ల ఆక్రిలిక్ పూత వేసుకుని దాని మీద వెయ్యండి. పోస్టర్ కలర్‌కి ఒక బలహీనత ఉంది. ఆరాక కూడా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. కాబట్టి ఇది కవరులోకే, విడి పోస్టుకార్డు మీదికి వద్దు.

నీళ్ల రంగులు. ఇండిగో, ప్రష్యన్ బ్లూ, కొంచెం వంకాయ రంగు తడి మీద తడిగా కలుస్తుంటే పాలపుంత దానంతటదే వచ్చినట్టు ఉంటుంది. ఆకాశపు లోతు దేనిలో బాగా వస్తుందంటే నేను దీనికే ఓటు వేస్తాను. రంగు ఇంకా తడిగా, నిగనిగ తగ్గుతున్న దశలో రాళ్ల ఉప్పు చల్లితే ఉప్పు రంగుని పీల్చి తెల్లటి మచ్చలు మిగులుస్తుంది. మెత్తటి ఉప్పుకి చిన్న మచ్చలు, రాళ్ల ఉప్పుకి పెద్దవి. ఆరాక ఉప్పుని పూర్తిగా దులిపెయ్యాలి. కాగితంలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమ లాగి బొమ్మని చెమ్మగా చేస్తుంది. జులై, ఆగస్టుల్లో కోస్తాలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది, ఉప్పే ముద్దైపోతుంది. కాగితం 300 జీఎస్ఎమ్‌కి తగ్గితే వంగుతుంది. వంగినా దిగులు వద్దు, ఆరాక వెనకవైపు కాస్త తడి చేసి, రెండు శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి, రాత్రంతా లావు పుస్తకాల కింద ఉంచితే చదునవుతుంది.

పిల్లలతో చేయించేవాళ్లకి ఇంకో దారి. తెల్ల మైనం క్రేయాన్‌తో తెల్ల కాగితం మీద గట్టిగా చుక్కలు పెట్టించి, పైన నీలం నీళ్ల రంగు పూయించండి. మైనం ఉన్నచోట రంగు అంటదు, కనబడని చుక్కలు ఒక్కసారిగా బయటపడతాయి. క్లాసు మొత్తం ఒక పీరియడ్‌లో అయిపోతుంది, రాలేదని ఏడ్చే పిల్లలుండరు.

ఆక్రిలిక్ ఆరిందంటే నీటికి కరగదు, విడి పోస్టుకార్డుకి సరైన రంగు ఇదే. కానీ వేడికి మెత్తబడి అంటుకునే గుణం ఉంది. రెండు ఆక్రిలిక్ బొమ్మలని ఎదురెదురుగా పెట్టి పంపితే, మన ఎండాకాలంలో అవి అతుక్కుని, విడదీసేటప్పుడు రంగు లేచిపోతుంది. ప్లాస్టిక్ తొడుగుకి కూడా అంటుకుంటుంది. మధ్యలో బటర్ పేపర్ పెట్టడం మరవద్దు. పూత పల్చగా వేసి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి పంపండి.

ఆయిల్ పాస్టెల్స్ గురించి ఒక్కమాటే: పంపకండి. అవి ఎప్పటికీ పూర్తిగా ఆరవు. పొడి పాస్టెల్ ఆకాశంలో చక్కటి మసక ఇస్తుంది గానీ, ఫిక్సేటివ్ (పొడిని పట్టి ఉంచే స్ప్రే) కొట్టినా కొంత పొడి రాలుతూనే ఉంటుంది. మెరుపుల పొడి కూడా వద్దు. కవరు విప్పినవాళ్ల ఒళ్లో, మంచం మీద, అన్నం పళ్లెంలో తేలుతుంది.

ఎక్కువమందికి పంపేవాళ్లు లైనోకట్ చూడండి, అంటే లైనో అనే మెత్తటి పలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి అచ్చు వెయ్యడం. ముద్రణలో చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కని చోటు నల్లగా పడుతుంది. రాత్రి ఆకాశానికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదు, ఎందుకంటే చెక్కాల్సింది చుక్కల్నీ చంద్రుడినీ మాత్రమే. ఒక దిమ్మె చెక్కితే పాతిక కార్డులొస్తాయి. లైనో దొరకని ఊళ్లో పెద్ద పెన్సిల్ రబ్బరు మీద చెక్కినా పనవుతుంది. దిమ్మె మీద ఉన్నది కాగితం మీద ఎడమ కుడి తారుమారై పడుతుంది కాబట్టి నక్షత్ర మండలాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కాలి. నూనె సిరాతో అచ్చు వేస్తే ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది, కానీ తర్వాత వానకి భయపడక్కర్లేదు.

ఇక నాకు మనసుకి దగ్గరైనది సయనోటైప్, ఎండతో నీలం రంగు అచ్చు తీసే పద్ధతి. 1842లో దీన్ని కనిపెట్టిన జాన్ హెర్షెల్ స్వయంగా ఖగోళ శాస్త్రవేత్త. అంతకుముందు దక్షిణాఫ్రికాలోని కేప్‌కి వెళ్లి నాలుగేళ్లు దక్షిణాకాశాన్ని పరిశీలించి వచ్చినవాడు. రెండు ఇనుప లవణాలు, ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రీసయనైడ్, నీళ్లలో కలిపి, మసక వెలుతురులో కాగితానికి పూసి ఆరబెట్టాలి. ఎండ తగిలిన చోటు కడిగాక ముదురు నీలం అవుతుంది, నీడ పడిన చోటు తెల్లగా ఉండిపోతుంది. పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు మీద నల్ల పర్మనెంట్ మార్కర్‌తో నక్షత్రాలు పెట్టుకుని, కాగితం మీద పరిచి ఎండలో ఉంచితే, నల్ల చుక్క ఉన్నచోటల్లా తెల్ల నక్షత్రం పుడుతుంది. షీటు కూడా లేకపోతే కాగితం మీద బొంబాయి రవ్వ, ఆవాలు చల్లండి. రవ్వ చిన్న చుక్కలు, ఆవాలు పెద్ద చుక్కలు ఇస్తాయి. గాలి లేని చోటు చూసుకోవాలి. మన ఎండలో చాలావరకు నిమిషాల పనే. ముందు చిన్న ముక్క మీద సమయం చూసుకోండి. తర్వాత పసుపు రంగు నీళ్లు రావడం ఆగేదాకా కడగాలి. క్షార గుణం ఉన్న బోరు నీళ్లకి నీలం వెలిసిపోతుంది, ఆ నీళ్లు తప్పనిసరైతే కొంచెం నిమ్మరసం కలపండి. చేతులకి గ్లవ్స్ వేసుకోండి, వంటింటి గిన్నెలు వాడకండి, చిన్నపిల్లలని దగ్గరికి రానివ్వకండి.

ఓపిక ఉన్నవాళ్లకి సూదీ దారం కూడా ఉంది. నల్ల అట్టకి ముందే సూదితో బెజ్జాలు చేసుకుని, సన్నటి జరీ దారంతో నక్షత్రాలని కలుపుతూ కుడితే గీతలు వెలుగుకి మెరుస్తాయి. ముడులు వెనక్కి పెట్టి, పైన పల్చటి కాగితం అతికించండి. చమ్కీలు కుట్టకండి, ముద్ర దెబ్బకి విరుగుతాయి.

ఎవరితో మార్చుకోవాలి?

తెలిసిన ఒకరితో ఒకరు మార్చుకోవడం అన్నిటికంటే నిలిచే పద్ధతి. ఇద్దరూ తేదీ అనుకుంటారు, ఒకరిది ఆలస్యమైతే ఫోన్ చేసి అడగొచ్చు. కొత్తవాళ్లు కనీసం మొదటి రెండు మూడు సార్లు ఇలాగే చెయ్యాలని నా గట్టి అభిప్రాయం. పంపడం ఎంత ఇష్టంగా ఉంటుందో, బదులు రాకపోతే అంత కష్టంగా ఉంటుంది. ఆ కష్టం తెలియని మనిషి వల్ల మొదటిసారే రాకూడదు.

గుంపు మార్పిడిలో ఒకరు నిర్వాహకులుగా ఉంటారు. ఆరుగురున్నారనుకోండి. ఒక్కొక్కరూ ఆరు కార్డులు చేసి, తమ అడ్రసు రాసి స్టాంపు అతికించిన తిరుగు కవరుతో సహా నిర్వాహకులకి పంపుతారు. వాళ్లు కలిపి పంచి, తలా ఆరు వేర్వేరు కార్డులు వెనక్కి పంపుతారు. ఇందులో ఎగ్గొట్టడం కష్టం, ఎందుకంటే పంపినవాళ్లకే వస్తాయి. భారమంతా నిర్వాహకుల మీద పడుతుంది కాబట్టి గుంపు పెద్దదైతే నడవదు. పదిమంది దాటకుండా చూసుకోండి. ఒకే అంశం ఇవ్వండి: కార్తీక పౌర్ణమి, తెల్లవారుజామున వేగుచుక్క, కరెంటు పోయిన రాత్రి. "రాత్రి ఆకాశం" అని వదిలేస్తే అందరూ అదే ఊదారంగు గెలాక్సీ వేసి పంపుతారు.

చుట్టు తిరిగే కార్డు ఇంకో రకం. ఒకరు నేల గీత గీసి పంపుతారు, రెండోవాళ్లు చీకటి వేస్తారు, మూడోవాళ్లు చుక్కలు, నాలుగోవాళ్లు చంద్రుడు. బొమ్మ గొప్పగా వస్తుంది, కానీ ఒక్క చేతి దగ్గర ఆగితే అందరిదీ ఆగుతుంది. అక్కచెల్లెళ్లు, కాలేజీ స్నేహితుల మధ్య బాగుంటుంది. పరిచయం లేనివాళ్లతో వద్దు.

ముక్కూమొహం తెలియనివాళ్లకి పంపాలంటే 2005లో పోర్చుగల్‌లో పావులో మగల్యాయిస్ మొదలుపెట్టిన పోస్ట్‌క్రాసింగ్ ఉంది. మీరు ఒకరికి పంపితే, వేరే దేశం నుంచి వేరే ఎవరో మీకు పంపుతారు. అక్కడ ఎక్కువమంది పంపేది అచ్చు కార్డులు. మీరు చేత్తో వేసింది పంపితే బదులుగా చేత్తో వేసిందే వస్తుందని ఆశ పెట్టుకోకండి. పంపడంలోనే సంతోషం ఉన్నవాళ్లకి ఇది చాలా బాగుంటుంది. పిల్లల పేరుతో చేసేటప్పుడు అమ్మ పేరో నాన్న పేరో వాడండి. పోస్టుకార్డు మీద ఇంటి సంగతులు, ఫోన్ నంబరు రాయకండి.

ఏ ఆకాశం వెయ్యాలి?

రంగు కంటే, సైజు కంటే ఇది నాకు ముఖ్యం. మీరు ఉన్నచోట కనిపించే ఆకాశం వెయ్యండి. అదే అవతలి వాళ్ల దగ్గర లేనిది.

ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో కనిపిస్తుందన్నది ఆ ఊరి అక్షాంశం చెబుతుంది. హైదరాబాద్‌లో అది ఉత్తర దిక్కున సుమారు 17 డిగ్రీల ఎత్తులో, డాబాల మీద నీళ్ల ట్యాంకుల వెనక దాక్కునేంత కిందగా ఉంటుంది. డాలస్‌లో దాదాపు 33, లండన్‌లో 51 డిగ్రీలు దాటుతుంది. అగస్త్య నక్షత్రం మనకి చలికాలం రాత్రుల్లో దక్షిణాన తెల్లగా వెలుగుతుంది. లండన్‌లో ఉన్నవాళ్లకి అది ఎప్పటికీ ఉదయించదు. అక్కడున్న తెలుగువాళ్లకి అగస్త్యుణ్ణి కార్డు మీద పంపడం కంటే మంచి కానుక ఏముంటుంది? వేసవి ముందు రాత్రుల్లో దక్షిణ దిక్కున నేలకి దగ్గరగా కనిపించే త్రిశంకు అనే నక్షత్ర మండలం కూడా అలాంటిదే. తిరుపతి నుంచి చూస్తే హైదరాబాద్‌లో కంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది. సిడ్నీలో ఉన్నవాళ్లకి అది నడినెత్తికి దగ్గరగా వస్తుంది. వాళ్లకి మృగశిర దగ్గరి వేటగాడు (ఓరియన్ మండలం) తలకిందులుగా కనబడతాడు, మన చంద్రుడి ముఖం కూడా తిరగబడి ఉంటుంది. ఒకే వారంలో సిడ్నీలో ఒకరు, గుంటూరులో ఒకరు వేటగాడిని వేసి మార్చుకుంటే, రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి పిల్లలకి భూమి గుండ్రంగా ఉందని చూపించొచ్చు.

నెలవంక వంపు కూడా ఊరిని బట్టి, నెలని బట్టి మారుతుంది. ఉగాది రోజుల్లో మన పడమటి ఆకాశంలో నెలవంక కొమ్ములు పైకి పెట్టి పడవలా పడుకుని ఉంటుంది. దసరా రోజుల్లో పక్కకి ఒరుగుతుంది. కొమ్ముల మధ్య ఉన్న చీకటి భాగంలో నక్షత్రం పెట్టకండి, అక్కడ ఉన్నది చంద్రుడే, దాని వెనక చుక్క కనిపించదు. ఇది చాలా కార్డుల్లో చూస్తాను.

నక్షత్రాలన్నీ తెల్లగా ఉండవు. ఆర్ద్ర, జ్యేష్ఠ ఎర్రగా, రోహిణి, స్వాతి నారింజగా, చిత్త నీలం కలిసిన తెలుపుగా ఉంటాయి. తెల్ల చుక్క ఆరాక దాని మీద పల్చగా ఆ రంగు ఒక్క తాకు చాలు. పిల్లలకోడిలో మామూలు కంటికి ఆరు చుక్కలు తెలుస్తాయి, పల్లెల్లో చూపు బాగున్నవాళ్లకి ఇంకా ఎక్కువ. ఎన్ని కనబడితే అన్నే వెయ్యండి. నగరంలో ఉండి ఏమీ కనిపించకపోతే ఆ నాలుగు చుక్కల ఆకాశమే వెయ్యండి. అపార్టుమెంటు లైట్ల పైన ఒంటరి గురుగ్రహం ఉన్న కార్డు నిజమైన ఆకాశమే. దిక్కులు, ఎత్తులు సరిచూసుకోవడానికి స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఊరు, తేదీ, సమయం ఇస్తే ఆ రాత్రి ఆకాశం చూపిస్తుంది. చెల్లెలి ఊరు ఇచ్చి, తనకి ఆ రాత్రి ఏం కనిపించిందో చూసి వేసి పంపొచ్చు కూడా.

కార్డు వెనక నాలుగు సంగతులు రాయండి: ఊరు, తేదీ, సమయం, ఏ దిక్కు చూస్తూ వేశారో. మీ పేరు, గుంపు కోసం చేస్తే ఎన్నో ప్రతి అన్నది కూడా. ఇవి జెల్ పెన్నుతో కాకుండా బాల్‌పెన్నుతో రాస్తే తడికి చెరగవు.

పోస్టులో వేసేముందు

కార్డుని తొడుగులో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య ఉంచి, కవరులో కదలకుండా సర్దండి. పెళ్లి శుభలేఖల అట్ట దీనికి చక్కగా పనికొస్తుంది. కౌంటర్లో ఇచ్చి, చేత్తో ముద్ర వెయ్యమని మర్యాదగా అడగండి, చాలాచోట్ల వేస్తారు. మామూలు పోస్టుకి ట్రాకింగ్ ఉండదు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, ఎక్కడుందో తెలియాలంటే స్పీడ్ పోస్టే దారి. ఒక్క కార్డు కోసం అంత ఖర్చు అక్కర్లేదని నా ఉద్దేశం. నెలల తరబడి కుట్టిన జరీ కార్డుకి, గుంపు మార్పిడిలో అందరి కార్డులూ కలిసి వెళ్లే కవరుకి మాత్రం తప్పకుండా పెట్టండి.

విదేశానికి పల్చటి కవరులో, ఉత్తరంగా పంపండి. లోపల పూసలు, బొమ్మలు, మసాలా పొట్లాలు చేర్చగానే అది వస్తువుల ఖాతాలోకి పోయి కస్టమ్స్ కాగితం నింపాల్సి వస్తుంది. అమెరికా నుంచి ఇటు పంపేవాళ్లకి ఒక ఔన్సు లోపు ఉత్తరానికి విదేశీ ఉత్తరాల కోసం అక్కడ అమ్మే గ్లోబల్ ఫరెవర్ స్టాంపు ఒకటి సరిపోతుంది. కానీ గట్టిగా వంగకుండా ఉన్న కవరుకి, చదరపు కవరుకి అక్కడ అదనపు రుసుము ఉంటుంది. కాబట్టి అట్ట మరీ మందంగా పెట్టకుండా, కాస్త వంగేలా చూసుకోవాలి.

కాలం విషయానికొస్తే, వెయ్యడానికి, పంపడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నీ కలిసొస్తాయి. ఆకాశం తేటగా ఉంటుంది, వేటగాడు, పిల్లలకోడి, అగస్త్యుడు ముగ్గురూ దొరుకుతారు, రంగు త్వరగా ఆరుతుంది, వాన భయం తక్కువ. డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి, చంద్రుడు లేని ఏడాదైతే గుంపు మార్పిడికి అంతకంటే మంచి అంశం దొరకదు. సంక్రాంతికి చేరాలనుకుంటే ఉల్కలు చూసిన వారంలోనే వేసి, డిసెంబరు నెలాఖరుకల్లా పోస్టు చెయ్యండి. విదేశాలకైతే క్రిస్మస్ రద్దీ ఉంటుంది, నవంబరులోనే పంపాలి. అనుకున్న తేదీకి కార్డు రాకపోతే ఇంకో మూడు వారాలు ఆగి, అప్పుడు అవతలి వాళ్లకి చెప్పండి. ఇలాంటి సమయం కోసమే పంపేముందు ప్రతి కార్డుకీ ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీసి ఉంచుకోవాలి. దారిలో పోయినా బొమ్మ మిగులుతుంది, మళ్లీ వెయ్యడానికి ఆధారం ఉంటుంది.